అడవి మాంసంలో ఐరన్ ఎక్కువే, కానీ అది అడవి చలవ కాదు

రక్తం తక్కువగా ఉందని డాక్టర్ చెప్పిన దగ్గర్నుంచి మా ఫ్రెండ్ ఒకావిడ ఐరన్ గురించి ఏది దొరికితే అది చదివేస్తోంది. మొన్న నాకో పోస్టు పంపింది. జింక, అడవి పంది, అడవి బాతు మాంసాల నిండా ఖనిజాలే ఉంటాయని, ఫారాల్లో పెంచిన మాంసం వాటి ముందు దిగదుడుపేనని దాని సారాంశం. నేను కాస్త నసిగితే ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “ఫారంలో జంతువు మనం పెట్టింది తింటుంది. అడవిలోది తనకేం కావాలో వెతుక్కుని తింటుంది. మరి దేంట్లో ఖనిజాలు ఎక్కువుండాలి?”

వినడానికి చాలా బాగుంది. చాలామంది మనసులో ఉన్న మాట కూడా ఇదే. అందుకే “అవును” అనో “కాదు” అనో తేల్చేయబుద్ధి కాలేదు. ఆ పోస్టులోని అంకెలు చాలావరకు నిజమే. ఆ అంకెలకు చెప్పిన కారణం మాత్రం తప్పని నా అభిప్రాయం. కారణం తప్పైతే ఏమవుతుంది, అంకె నిజమే కదా అనొచ్చు. కానీ కారణం తెలియకుండా అంకెను నమ్ముకున్నవాళ్లు దాన్ని అది చెల్లని చోట కూడా వాడేస్తారు.

కండ చేసే పని

ముందు అంకెలు. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లో 100 గ్రాముల పచ్చి జింక మాంసంలో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంది. కొవ్వు తక్కువున్న గొడ్డు మాంసంలో ముక్కను బట్టి 2 నుంచి 2.5 దాకా ఉంటుంది. కుందేలు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంది: ఫారంలో పెరిగినదానికి 1.6, అడవిదానికి 3.2. సరిగ్గా రెట్టింపు. ఇక్కడితో ఆపేస్తే మా ఫ్రెండ్ గెలిచినట్టే.

అదే పట్టికలో పక్షుల దగ్గరికి వెళ్తే కథ మారిపోతుంది. అడవి బాతు రొమ్ము మాంసంలో 4.5 మిల్లీగ్రాములు ఉంది, జింకను కూడా మించిపోయింది. అడవుల్లో, పొలాల గట్ల మీద తిరిగే ఫెజెంట్ పక్షి రొమ్ములో మాత్రం 0.8 దగ్గరే ఆగిపోయింది. మామూలు కోడి రొమ్ముకు దానికీ పెద్ద తేడా లేదు. అదే ఫెజెంట్ కాలు చూడండి, 1.8. ఒకే పక్షి, ఒకే అడవి, ఒకే తిండి. రొమ్ముకూ కాలుకూ రెండింతల తేడా.

ఇది మయోగ్లోబిన్ పని. కండలో ఆక్సిజన్‌ని దాచిపెట్టుకునే ప్రోటీన్ అది. ఒక్కో మయోగ్లోబిన్ అణువులో ఒక్కో ఇనుప పరమాణువు ఉంటుంది. మాంసం ఎర్రగా కనిపించేది ప్రధానంగా దానివల్లే. గంటల తరబడి ఎగిరే బాతుకు రొమ్ము కండలో ఆక్సిజన్ నిల్వ కావాలి. ఫెజెంట్ అలా ఎగరదు. రోజంతా నేల మీద నడుస్తుంది, ఎవరైనా దగ్గరికొస్తే ఒక్కసారిగా రెక్కలు కొట్టి లేచి, కొంతదూరం పోయి దిగిపోతుంది. అంతమాత్రం ఎగరడానికి కండలో ఆక్సిజన్ నిల్వ అక్కర్లేదు. నడిచే కాలికి కావాలి, అందుకే కాలు ఎరుపు, రొమ్ము తెలుపు. నీళ్లలో ఊపిరి బిగబట్టి చాలాసేపు మునిగే సీల్ మాంసమైతే దాదాపు నల్లగా ఉంటుంది. అందులో 100 గ్రాములకు సుమారు 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది.

అంటే మాంసంలోని ఐరన్, ఆ కండ ఎంత పని చేసింది, ఎలాంటి పని చేసింది అన్నదానికి లెక్క. వయసు కూడా తోడవుతుంది. అదే జాతిలో దూడ మాంసం పాలిపోయి ఉంటుంది, ముసలి ఆవు మాంసం ముదురు ఎరుపులో ఉంటుంది. జింక, అడవి కుందేలు ఎప్పుడూ కాళ్ల మీదే ఉంటాయి కాబట్టి వాటికి ఎక్కువ నిల్వ కావాలి. అడవి వాటికి ఆ పరుగు ఇచ్చింది. దాన్ని కాదనను. కానీ “వెతుక్కుని తింది కాబట్టి” అన్న మాటకు ఇక్కడ చోటే లేదు.

ఫారాల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. తెల్లటి దూడ మాంసం కోసం దూడలకు కావాలనే ఐరన్ తక్కువున్న పాలపొడి తాగించే పద్ధతి ఉండేది. రంగు కోసం రక్తహీనత తెచ్చిపెట్టడమన్నమాట. కాబట్టి తిండికీ ఐరన్‌కీ సంబంధమే లేదని కూడా అనలేం. మరీ కొరత పెడితే కండలో తగ్గుతుంది. అవసరానికి సరిపడా అందితే మాత్రం, అంతకుమించి ఎంత తిన్నా కండ దాన్ని పేర్చుకుంటూ పోదు.

కొవ్వు తీసేసి చూస్తే

ఇంకో చిన్న కిటుకు ఉంది, ఇలాంటి పోలికలన్నిటిలోనూ కనిపించేదే. ఐరన్, జింక్ ఉండేవి కండలో. కొవ్వులో ఇవి నామమాత్రం. జింక మాంసంలో కొవ్వు 2.4 శాతం. పోస్టుల్లో దాని పక్కన నిలబెట్టేది చాలాసార్లు 20 శాతం కొవ్వున్న గొడ్డు కైమాని. చిక్కటి పాలను నీళ్లు కలిపిన పాలతో పోల్చినట్టుంటుంది. కొవ్వు తీసేసిన ముక్కతో పోల్చండి, తేడా మొత్తం పోదు గానీ చాలావరకు తగ్గిపోతుంది.

జింక్ విషయంలో అసలు ఫలితమే తిరగబడుతుంది. అదే పట్టికలో పచ్చి జింక ముక్కకు 2.1 మిల్లీగ్రాముల జింక్, జింక కైమాకు 4.2 అని ఉంది. గొడ్డు మాంసంలో 4 నుంచి 5 దాకా ఉంటుంది. ఏ లెక్కన చూసినా జింక ముందుకు రాలేదు. ఆ పోస్టులో ఐరన్ గురించి పెద్ద అక్షరాల్లో వేసి, జింక్ ఊసెత్తకపోవడానికి కారణం ఇదేనేమో. ఒకే జంతువుకు 2.1, 4.2 అని రెండు అంకెలు ఎందుకున్నాయని కూడా అడగాలి. ఏ కండ తీసుకున్నారు, ఏ వయసు జంతువు, ఎన్ని నమూనాలు పరీక్షించారు అన్నదాన్ని బట్టి అడవి జంతువుల అంకెలు అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. ఫారంలో ఒకే జాతిని, ఒకే మేతతో, ఒకే వయసుకు కోస్తారు. అడవిలో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి “జింక మాంసంలో ఇంత” అనేది ఎప్పుడూ “మేం చూసిన జింకల్లో ఇంత” అనే.

పచ్చిదీ వండినదీ కలిపి పోల్చడం ఇంకో అలవాటు. కాల్చిన జింక మాంసానికి 4.5 మిల్లీగ్రాములని ఉంటుంది. ఐరన్ పుట్టుకురాలేదు, నీరు ఆవిరైంది.

వెతుక్కున్నా దొరకని చోట్లు

ఇప్పుడు మా ఫ్రెండ్ ప్రశ్నలోని అసలు నమ్మకం దగ్గరికి వద్దాం. అడవిలో జంతువుకు కొరత ఉండదు, తనకేం కావాలో అది తినేస్తుంది.

స్కాట్లండ్ పడమటి తీరాన రమ్ అనే దీవి ఉంది. అక్కడి కొండల మీద మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులు బొరియల్లో గూళ్లు పెడతాయి. అదే కొండల మీద ఎర్రజింకలు మేస్తాయి. పిల్లపక్షులు ఎగరడం రాకముందే రాత్రిపూట బొరియలోంచి బయటికొచ్చే రోజుల్లో ఆ జింకలు వాటి తలలు కొరికేసి, కాళ్లు, రెక్కలు నమిలేస్తాయి. ఒళ్లంతా తినవు. ఎముకలున్న భాగాలు తీసుకుని మిగతాది అక్కడే వదిలేస్తాయి. ఫౌలా అనే ఇంకో దీవిలో గొర్రెలు టెర్న్ పక్షి పిల్లలకు ఇదే గతి పట్టిస్తాయి. గడ్డి తినే జంతువులు ఇలా ఎందుకు చేస్తాయి? అక్కడి నేలలో, దానిమీది గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ తక్కువ కాబట్టి. ఇవి ఐరన్, జింక్‌లా ఒంటికి కొంచెమే కావాల్సిన సూక్ష్మ ఖనిజాలు కావు, నిజమే. కానీ “అడవిలో కొరతేముంటుంది” అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు. ఒకరకంగా ఇది మా ఫ్రెండ్‌కి అనుకూలమైన సాక్ష్యం కూడా: జంతువు నిజంగానే వెతుక్కుంది. వెతుక్కోవాల్సి వచ్చిందంటేనే కొరత ఉన్నట్టు.

అందరికీ వెతుక్కుంటే దొరకదు కూడా. 1970ల్లో అలాస్కాలోని కెనాయ్ ద్వీపకల్పంలో మూస్ అనే భారీ జింకలకు గిట్టలు వంకరపోయి పెరగడం చూశారు. పరీక్షిస్తే రాగి కొరత లక్షణాలు బయటపడ్డాయి. వాటి చుట్టూ కనుచూపు మేర అడవే. స్వీడన్ నైరుతి భాగంలో 1980ల నుంచి మూస్‌లకు వచ్చిన ఒక జబ్బు విషయంలోనూ రాగి కొరత అని ఒక వాదన నడిచింది. ఆమ్లం పెరిగిన నేలలకు, చెరువులకు సున్నం చల్లడంతో మాలిబ్డినం అనే ఖనిజం మొక్కల్లోకి ఎక్కువగా చేరి, అది రాగిని ఒంటికి అందకుండా చేసిందని ఆ వాదన. దానిమీద శాస్త్రవేత్తలు అందరూ ఏకీభవించలేదు. ఏదేమైనా అడవి జంతువు తన నేలను దాటిపోలేదు.

నేల మాట వస్తే సెలీనియం గురించి చెప్పకుండా ఉండలేను. ఐరన్‌లా కాదు, తిండిలో ఎంతుందో దాన్నిబట్టి కండలోనూ పెరిగి తగ్గే ఖనిజం ఇది. తిండిలో ఎంతుంటుందో నేల నిర్ణయిస్తుంది. ఫిన్లండ్ నేలల్లో మొక్కలకు అందే సెలీనియం చాలా తక్కువ. అక్కడి ప్రభుత్వం 1984లో ఎరువుల్లోనే సెలీనియం కలపాలని నిర్ణయించింది. కొన్నేళ్లలోనే ధాన్యంలో, గడ్డిలో, వాటిని తిన్న పశువుల పాలల్లో, మాంసంలో సెలీనియం పెరిగింది. ఆ ఎరువు పడింది పొలాల్లో, అడవిలో కాదు. అంటే అక్కడ సెలీనియం కావాలనుకునేవాడికి మనిషి పెంచిన పశువే మేలు.

రెండో కొసన కాలిఫోర్నియాలోని కెస్టర్‌సన్ అభయారణ్యం ఉంది. పొలాల నుంచి వచ్చిన మురుగునీటితో సెలీనియం అక్కడి చెరువుల్లో పేరుకుపోయింది. 1983లో నీటిపక్షుల గుడ్లలో కళ్లు లేని, ముక్కులు వంకరపోయిన పిండాలు కనిపించాయి. ఆ పక్షులకు ఎవరూ దాణా పెట్టలేదు. స్వేచ్ఛగా వెతుక్కుని తిన్నవే అవి. ఇలాంటి నేలమీద “సెలీనియం పుష్కలం” అని పక్షి మాంసాన్ని పొగిడితే ఎలా ఉంటుంది?

కాబట్టి ఇక్కడో విచిత్రం ఉంది. జనం గొప్పగా చెప్పుకునే ఐరన్, జింక్ దగ్గర జంతువు ఏం తిన్నదన్నది పెద్దగా లెక్కలోకి రాదు, కండ తన లెక్క తాను చూసుకుంటుంది. తిండి నిజంగా లెక్కలోకి వచ్చే సెలీనియం దగ్గరేమో జంతువుకు ఎంపిక లేదు, నేల ఏమిస్తే అదే.

మడగాస్కర్ పిల్లలు

ఇంతా చెప్పాక నాకే ఒక సందేహం వచ్చింది. అడవి మాంసం మీదే బతికేవాళ్ల సంగతేమిటి?

2011లో వచ్చిన ఒక అధ్యయనం ఈశాన్య మడగాస్కర్‌లో అడవి అంచున బతికే పిల్లల రక్తంలోని హిమోగ్లోబిన్‌ని, వాళ్లు తిన్న అడవి మాంసంతో పోల్చి చూసింది. అడవి జంతువులు అందకుండా పోతే రక్తహీనత ఉన్న పిల్లల సంఖ్య 29 శాతం పెరుగుతుందని, అతి పేద ఇళ్లల్లోనైతే మూడింతలవుతుందని దాని అంచనా. ఆర్కిటిక్ జనం సంగతీ ఇలాంటిదే. సీల్, కారిబూ (అక్కడి ఒక రకం జింక) తిన్న రోజున వాళ్ల తిండిలో ఐరన్, జింక్ ఎక్కువగా ఉంటాయి, దుకాణం తిండి మీద ఆధారపడిన రోజున తగ్గిపోతాయి.

ఈ అధ్యయనాలు చూసి నా వాదన కొంత సర్దుకోవాల్సి వచ్చింది గానీ కూలిపోలేదు. మడగాస్కర్ పిల్లల ముందున్న ఎంపిక అడవి మాంసమా, ఫారం మాంసమా అన్నది కాదు. మాంసమా, ఏమీ లేకపోవడమా అన్నది. మాంసంలోని హీమ్ ఐరన్ (మయోగ్లోబిన్ లాంటి ప్రోటీన్లలో ఉండే ఐరన్) 15 నుంచి 35 శాతం దాకా ఒంటికి పడుతుంది, మొక్కల ఐరన్ చాలావరకు అంతకంటే తక్కువే పడుతుంది. పైగా మాంసం తోడుంటే మొక్కల ఐరన్ కూడా బాగా పడుతుంది. అలాంటి ఇంట్లో ఏ మాంసమైనా మేలే చేసేది. వాళ్లకు దొరికింది అడవిది. అదే అంకెను, మాంసం ఎప్పుడు కావాలంటే అప్పుడు కొనుక్కోగలిగిన మనిషికి చూపించి “నీకూ ఇదే కావాలి” అంటే ఒప్పుకోలేను. 18 మిల్లీగ్రాముల ఐరన్ రోజుకు కావాలని 19 నుంచి 50 ఏళ్ల ఆడవాళ్లకు అమెరికాలో చెప్పే లెక్క. గొడ్డు మాంసంలోని 2.4కు బదులు జింక మాంసంలోని 3.4 తింటే ఆ దూరం ఎంత తగ్గుతుందో వేసి చూసుకోవచ్చు.

పట్టికలో గడి లేని లోహాలు

పోషక పట్టికల్లో ఐరన్‌కు గడి ఉంటుంది, జింక్‌కు ఉంటుంది, రాగికి, సెలీనియానికి ఉంటుంది. ఒంటికి హాని చేసే సీసానికీ కాడ్మియానికీ ఉండదు. అడవి మాంసం విషయంలో నాకు అసలు ఇబ్బంది ఇక్కడే.

కాడ్మియం నెమ్మదిగా చేరేది. విల్లో వంటి చెట్ల ఆకుల్లో ఎక్కువగా ఉంటుంది, వాటిని తినే మూస్ కిడ్నీల్లో, కాలేయంలో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అందుకే కెనడాలో, నార్డిక్ దేశాల్లో వయసు మీరిన మూస్ కిడ్నీలు తినొద్దని సలహాలిస్తుంటారు. కాలేయం ఐరన్‌కు పెట్టింది పేరు కదా, ఐరన్ కోసం వెతికేవాళ్లు ముందు చెయ్యి పెట్టేదీ అక్కడే. ఎక్కువ కాలం స్వేచ్ఛగా తిరగడం ఇక్కడ వరం కాదు. ఫారం పశువును చిన్నతనంలోనే కోసేస్తారు, దానికి పేరుకునేంత సమయమే ఉండదు. (జర్మనీ బవేరియాలో అడవి పందుల మాంసాన్ని ఇప్పటికీ రేడియోధార్మికతకు పరీక్షిస్తారు. అవి నేల తవ్వి తినే ఒక రకం పుట్టగొడుగులో సీజియం అనే రేడియోధార్మిక లోహం నిలిచిపోతుంది. దాన్ని ఖనిజాల లెక్కలో కలపడం నాకే కొంచెం అన్యాయంగా అనిపిస్తోంది కాబట్టి వదిలేస్తున్నాను.)

సీసం మాత్రం జంతువు తిన్నది కాదు, దానికి తగిలింది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో సీసపు గుళ్లతో రైఫిల్‌తో కొట్టిన 30 జింకల్ని మామూలుగా మాంసం కోసిచ్చేవాళ్లకే ఇచ్చి, తిరిగొచ్చిన కైమా ప్యాకెట్లను ఎక్స్‌రే తీశారు. 30లో 24 జింకల మాంసంలో, కనీసం ఒక్క ప్యాకెట్‌లోనైనా లోహపు తునకలు కనిపించాయి. ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలుగా తప్ప చేతికి, నాలుకకు తెలియనంత సన్నవి చాలా ఉన్నాయి. కొట్టినచోట మాంసాన్ని కోసి పారేసినా, గుండు ఎముకకు తగిలి పగిలితే తునకలు గాయానికి దూరంగా కూడా వెళ్తాయి. తునకలున్న ఆ మాంసాన్ని పందులకు పెట్టి చూస్తే వాటి రక్తంలో సీసం పెరిగింది. అంతకు ముందు ఏడాది అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు దానంగా వచ్చిన జింక మాంసంలో ఇలాంటి తునకలు బయటపడి, దాన్ని పారేయమని ఆహార కేంద్రాలకు చెప్పారు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అదే నార్త్ డకోటాలో 738 మంది రక్తం పరీక్షిస్తే, అడవి మాంసం తినేవాళ్లలో సీసం సగటున డెసిలీటరుకు 0.3 మైక్రోగ్రాములే ఎక్కువుంది, ఎవరికీ 10 దాటలేదు. అప్పుడప్పుడూ తినే పెద్దవాళ్లకు టెన్షన్ పడాల్సిందేమీ కాదని అనొచ్చు. కానీ జర్మనీ ప్రభుత్వ రిస్క్ అంచనా సంస్థ గర్భిణులు, గర్భం కోరుకునే ఆడవాళ్లు, చిన్న పిల్లలు సీసపు గుళ్లతో కొట్టిన మాంసం తినకపోవడమే మంచిదని చెప్పింది. ఐరన్ కోసం అడవి మాంసం వైపు చూసే జనంలో ఎక్కువమంది ఎవరు? వీళ్లే. మరో మెలిక: ఒంట్లో ఐరన్ తక్కువగా ఉన్నవాళ్లు సీసాన్నీ కాడ్మియాన్నీ మామూలుకంటే ఎక్కువగా పీల్చుకుంటారు. పేగులో ఐరన్ కోసం తెరుచుకునే దారిలోంచే ఇవీ దూరతాయి. రక్తం పట్టాలని తిన్నవాళ్ల ఒంట్లోనే సీసం ఎక్కువ నిలిచే అవకాశం ఉందన్నమాట.

యూరోపియన్ యూనియన్ గొడ్డు, గొర్రె, పంది, కోడి మాంసాల్లో సీసం కిలోకు 0.10 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. ఆ జాబితాలో అడవి మాంసం లేదు. “ఫారం మాంసం కంటే స్వచ్ఛం” అన్న ప్రచారాన్ని, అసలు పరిమితే లేని మాంసం గురించి చేస్తున్నారు.

మా ఫ్రెండ్‌కి నేను చివరికి పంపిన మెసేజ్‌లో పెద్దగా ఏమీ లేదు, నాలుగు ప్రశ్నలు తప్ప: అది ఏ కండ, ఎంత వయసు జంతువు, ఏ నేల మీద మేసింది, దేంతో కొట్టారు. తప్పనిసరైతే గాయానికి దూరంగా ఉన్న తొడ ముక్క తీసుకోమన్నాను, కైమా వద్దన్నాను. జంతువు వయసు, అది మేసిన నేల మన చేతుల్లో లేవు. నాలుగోది మార్చొచ్చు. రాగి గుళ్లు సీసంలా పొడిపొడిగా పగలవు. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. అది ముఖ్యంగా కాండోర్ రాబందుల కోసం, జింక కళేబరాల్లోని తునకలు తిని అవి చచ్చిపోతున్నాయని. డెన్మార్క్ 1996లోనే సీసపు రవ్వల తూటాలను, 2024 ఏప్రిల్‌లో రైఫిల్ గుళ్లను కూడా నిషేధించింది. అక్కడి జింకల మేత, అడవి, పోషక పట్టికలో వాటి ఐరన్ అంకె అన్నీ పాతవే.